క్రూయిజ్ భోజనం: పైన బఫే, కింద మర్యాద

క్రూయిజ్‌కు వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా మొదట చెప్పేది తిండి గురించే. ఎన్ని రకాలు పెట్టారో, రోజుకు ఎన్నిసార్లు పెట్టారో వేళ్లు మడిచి మరీ చెబుతారు. కొన్నేళ్లుగా వీలు చిక్కినప్పుడల్లా ఓడ ఎక్కుతున్న మనిషిగా నా మాట వేరు. ఓడలో వంట మామూలే. అంతకన్నా మంచి కూర, మంచి పులుసు మా విశాఖలో డాబాగార్డెన్స్ వైపు వెళ్తే ఏ హోటల్లోనైనా దొరుకుతాయి. నన్ను మళ్లీ ఓడ ఎక్కించేది వడ్డన. అదీ ఓడంతటా దొరకదు, కింది అంతస్తులో బల్లలు వేసి వడ్డించే పెద్ద భోజనశాలలోనే దొరుకుతుంది.

గదులు, ఈతకొలను, రాత్రి ఆటపాటల సంగతి వదిలేస్తున్నాను. ఓడ పేరు కూడా రాయడం లేదు. మేము ఎక్కినవి ఒక్క కంపెనీవి కావు, విశాఖ నుంచి ఒకటైతే సింగపూర్ నుంచి మరొకటి. భోజనాల ఏర్పాటు మాత్రం అన్నింటిలోనూ ఇంచుమించు ఒకటే. పై డెక్కు మీద బఫే. కింద భోజనశాల. విశాఖ ఓడలో అయితే అందులో మనకంటూ ఒక బల్ల, ఒక వేళ, ఆ బల్లకు ఒక వెయిటరు, అతనికో సహాయకుడు. బఫే, భోజనశాల రెండూ టికెట్టులో కలిసినవే. విడిగా పేర్లు పెట్టుకున్న చిన్న రెస్టారెంట్లకు మాత్రం అదనంగా కట్టాలి, చాలా ఓడల్లో కూల్‌డ్రింకులకూ అంతే.

మనవాళ్లలో చాలామంది పైకే పోతారు. కింద మెనూ కార్డు చేతికిస్తారని, ఫోర్కులు వరసగా పేర్చి ఉంటాయని, నిక్కరు వేసుకుని వస్తే లోపలికి రానివ్వరని జంకు. పైన ఆ బాధలు లేవు, నిజమే. అక్కడి బాధలు అక్కడివి. పానీపూరి దగ్గర వరస ఎప్పటికీ తరగదు. కిటికీ పక్క బల్లల మీద పొద్దున్నే టోపీలు, నీళ్ల సీసాలు పెట్టి పట్టా రాయించుకున్నట్టు ఆక్రమిస్తారు. పళ్లెంలో పులావు పక్కన నూడుల్స్, ఆ నూడుల్స్ మీదకు గులాబ్‌జాం పాకం. మా వారికి ఇదంతా ఇష్టం. గుమ్మంలో చేతుల మీద జెల్ చల్లి పంపిస్తారు కానీ, ఓడల్లో తరచుగా పేరు వినిపించే, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే మేలు. ఓడంతా పట్టుకున్న గరిటె పట్టుకోవడం నాకైతే నచ్చదు.

ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మోకాళ్ల నొప్పులు, పళ్లెం పట్టుకుని వరసలో నిలబడలేరు. ఓడ విశాఖ నుంచే బయలుదేరుతోంది, ఇంటి నుంచి రేవుకు కారులో వెళ్లిపోవచ్చు అనే ధైర్యంతో ఆవిడను తీసుకెళ్లాం. ఓడ అంటే ఆవిడకు తెలిసిందల్లా పోర్ట్ బ్లెయిర్ ఓడ. మామగారు ఉద్యోగం పని మీద బంక్ క్లాసులో రెండున్నర రోజులు వెళ్లి వచ్చి, కూపను ఇచ్చి తెచ్చుకున్న అన్నం, పప్పు గురించి ఏళ్ల తరబడి చెప్పేవారట. ఆ కథలు మనసులో పెట్టుకుని ఆవిడ మాగాయ సీసా ఒకటి సంచిలో సర్దుకున్నారు. ఇంట్లో చేసిన తినుబండారాలు ఓడలోకి రానివ్వరు. తనిఖీ దగ్గర సీసా ఆగిపోయింది. ఆవిడ ముఖం చూస్తే సీసాకు తోడుగా తానూ రేవులోనే ఉండిపోతారేమో అనిపించింది.

బుకింగ్ కాగితంలో ఉల్లి, వెల్లుల్లి వద్దని రాయడానికి చోటు లేదు. జైన్ భోజనం అన్న చోట గుర్తు పెట్టడమే దారి. దానితో ఇంకో చిక్కు, జైన్ వంటలో దుంపలు ఉండవు. మా అత్తగారికి బంగాళాదుంప లేనిదే భోజనం చేసినట్టుండదు. మొదటి రాత్రి ఆవిడ పక్క బల్ల మీది ఆలూ కూర వైపు ఒకసారి చూశారు, అంతే. మేము ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరునాడు మధ్యాహ్నం మా బల్ల వెయిటరు, గోవా కుర్రాడు, జీలకర్ర పోపు పెట్టిన ఆలూ ఆవిడ ముందుంచి, "ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఆలూ ఉంది. పర్వాలేదా మమ్మీజీ?" అని హిందీలో అడిగాడు. ఆవిడకు హిందీ రాదు. "చల్లగా ఉండు నాయనా" అన్నారు. అతనికి తెలుగు రాదు. ఇద్దరూ తలలు ఊపుకున్నారు. ఐసు వేసిన నీళ్లు ఆవిడ పక్కకు జరపడం కూడా ముందు రాత్రే గమనించినట్టున్నాడు, ఆ తరువాత ప్రతి పూటా చిన్న ఫ్లాస్కుతో గోరువెచ్చటి నీళ్లు తెచ్చేవాడు.

ఇవన్నీ మంచి వెయిటరు ఎవరైనా చేసేవే అనవచ్చు. రెండో రాత్రి జరిగింది మాత్రం అలాంటిది కాదు.

డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు, గంగవరం రేవు దీపాలు దాటిన మొదటి సాయంత్రం సముద్రం బుద్ధిగానే ఉంది. మరునాటికి నైరుతి గాలి బలపడింది. ఓడ దక్షిణానికి పోతోంది, అలలు ఎదురొస్తున్నాయి. ఇలాంటి ఓడలకు నీటి అడుగున ఇరువైపులా రెక్కల్లాంటివి ఉంటాయి. పక్కలకు ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి కానీ, ముక్కు పైకి లేచి దభాలున దిగే కదలికను ఆపలేవు. ఆ కదలిక పై అంతస్తుల్లో, ఓడ రెండు కొసల్లో ఎక్కువ, కింద మధ్య భాగంలో తక్కువ. మా వారు, అబ్బాయి అలవాటు ప్రకారం పైకి వెళ్లి, పాలిపోయిన ముఖాలతో దిగివచ్చి గదిలో పడుకున్నారు. అత్తగారేమో ఆకలేస్తోందన్నారు.

భోజనశాలలో సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. మేము కూర్చోగానే ఆ కుర్రాడు వచ్చి నమస్కారం పెట్టి, జగ్గుతో నీళ్లు తెచ్చి, ఇస్త్రీ మడత చెదరని తెల్లటి బల్లగుడ్డ మీద పోశాడు. ఏదో చెయ్యి తగిలి ఒలికించడం కాదు, సన్నటి ధారగా నాలుగు మూలలకూ పోశాడు. అత్తగారు కుచ్చెళ్లు దగ్గరికి లాక్కున్నారు. అతను ఏమీ మాట్లాడకుండా రెండు అరచేతులతో గుడ్డను ఒత్తి, ముడత లేకుండా బల్లకు అంటించి, దాని మీద పళ్లేలు పెట్టాడు. పక్క బల్ల మీద పొడిగుడ్డే ఉంది. దాని మీద ఉప్పు డబ్బా, వెనకే మిరియాల డబ్బా అంచు దాకా జారుకుంటూ వెళ్లి, ఓడ దిగగానే మళ్లీ వెనక్కి వస్తున్నాయి. మా పళ్లేలు కదిలితే ఒట్టు. గ్లాసులో నీళ్లు ఒక పక్కకు ఎక్కుతున్నాయి, గ్లాసు ఉన్నచోటే ఉంది. గ్లాసులూ, సూపు గిన్నెలూ సగమే నింపాడు. ఓడల్లో పనిచేసేవాళ్లకు ఇది పాత విద్యేనట. ఆ ప్రయాణంలో చూసిన ప్రదర్శనలన్నింటిలోనూ నాకు గుర్తున్నది ఇదొక్కటే. ఈకల కిరీటాలు పెట్టుకుని వేదిక మీద ఆడిన నృత్యం ఏ పాటకో కూడా ఇప్పుడు చెప్పలేను.

తరువాత ఒక పళ్లెంలో పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు, అల్లం తెచ్చాడు. వికారానికి ఓడల్లో పెట్టేవి ఇవే. అత్తగారు వాటి వంక చూసి, "పెరుగన్నం దొరుకుతుందేమో అడుగమ్మా" అన్నారు. పెరుగు ఉంది, చిక్కంతా అన్నంతోనే. భోజనశాలలో వండేది బాస్మతి. మెతుక్కూ మెతుక్కూ పొత్తు ఉండదు, ఎంత పిసికినా పెరుగులో కలవదు. మొదటి రాత్రే ఆవిడ ప్రయత్నించి వదిలేశారు. అన్నం మెత్తగా ఉండాలి, ముద్ద కావాలి అని నా వచ్చీరాని హిందీలో చెప్పాను. కాసేపు నిలబడి ఆలోచించి లోపలికి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. ఆవిడ ఆపిల్ ముక్క కొరుక్కుంటూ కూర్చున్నారు.

వచ్చినప్పుడు అతని చేతిలో భోజనశాల పింగాణీ లేదు, మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది. మూత తీస్తే పొగలు కక్కుతున్న అన్నం, ముద్దగా, కాస్త గంజి జిగురుతో, అచ్చం మన ఇంట్లో జ్వరం వచ్చినవాళ్లకు వండినట్టు. సిబ్బందిలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వాళ్లు ఎక్కువని, వాళ్లకు వండే అన్నం మెత్తగానే ఉంటుందని, సిబ్బంది భోజనాల గదికి వెళ్లి తెచ్చానని చెప్పాడు. పక్కన చిన్న సాసరులో నిమ్మచెక్క, ఉప్పు, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు రెండు. అత్తగారు చెంచా పక్కన పడేసి, చేత్తో కలిపి, మిరపకాయ మీద నిమ్మరసం పిండి, ఉప్పు అద్దుకుని కొరికారు. గిన్నె మాత్రం ఎడమచేత్తో పట్టుకునే తిన్నారు, తడిగుడ్డ మీద ఆవిడకు అంత నమ్మకం కుదరలేదు. అడుగు మెతుకు దాకా ఊడ్చారు. అలా తెచ్చి పెట్టడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో నేను అడగలేదు, అడిగే ఉద్దేశమూ లేదు.

వంట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అగ్నిప్రమాదం భయంతో ప్రయాణికుల ఓడల వంటగదుల్లో సాధారణంగా గ్యాస్ మంట ఉండదు, అంతా విద్యుత్ పొయ్యిలే. ఆ తేడా రెండో రోజుకల్లా నాలుకకు తెలిసిపోతుంది. పుల్కా పొంగదు. పోపు వాసన గది దాకా రాదు. కాల్చిన వంకాయ పచ్చడి మీద మనసు పడితే ఓవెన్లో మగ్గిన వంకాయతో సరిపెట్టుకోవాలి. ఇడ్లీ బాగుంది, సాంబారు తీపి. కాఫీ జోలికి పోకండి. మా వారికి చేపల మీద ఫిర్యాదు: ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఓడ ఎక్కి, ఎక్కడి నుంచో గడ్డకట్టించి తెచ్చిన చేప తినడమేమిటని రెండు పూటలా గొణిగారు. అది న్యాయమైన గొణుగుడే.

ఇంతా పొగిడాక కొన్ని సవరించుకోవాలి. ఆ కుర్రాడు పొద్దున్నే పై బఫేలో ఆమ్లెట్లు వేసేచోట కనిపించేవాడు, మధ్యాహ్నం కింద, రాత్రి ఆఖరి బల్ల లేచేదాకా కింద. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం ఓడ సిబ్బందికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే మిగతా గంటల్లో ఎంత పని ఉండగలదో లెక్క వేసుకోవచ్చు. తన ఉద్యోగ ఒప్పందం ఎనిమిది నెలలని, మధ్యలో ఇంటికి వెళ్లడం కుదరదని అతనే చెప్పాడు. ఆఖరి రాత్రి బిల్లు తెచ్చి, "అభిప్రాయ పత్రంలో పదికి పది వేయండి మేడమ్, తొమ్మిది వేస్తే మాకు లెక్కలోకి రాదు" అన్నాడు. మనసు కాస్త చివుక్కుమంది. ఆ ఫ్లాస్కు, ఆ ఆలూ ఈ పది కోసమేనా అనే అనుమానం ఒక క్షణం రాకపోలేదు. అయినా ఎవరి జీతమైనా అలాంటి కాగితం మీదే ఉంటుంది. పది వేశాను. సర్వీసు చార్జీ మనిషికి రోజుకు ఇంతని ఖాతాలో ముందే కలిపేస్తారు, అందులో మన బల్ల దగ్గర నిలబడినవాడికి ఎంత ముడుతుందో మనకు కనిపించదు. అందుకని అతని చేతికి విడిగా ఇచ్చాం.

సింగపూర్‌కు విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి తరువాతి సారి అక్కడి నుంచి ఎక్కాం. ఓడ పెద్దది, వంటా నయమే. అక్కడ నచ్చిన వేళకు వచ్చి తినే పద్ధతి, రోజుకో బల్ల, రోజుకో వెయిటరు. అందరూ మర్యాదస్థులే, చురుకైనవాళ్లే. కానీ ఉల్లి, వెల్లుల్లి కథ ప్రతి పూటా మొదటి నుంచి చెప్పుకోవాలి. మెత్తటి అన్నం సంగతి ఎత్తితే, "వంటగది నుంచి వచ్చిందే వడ్డించగలం" అని నవ్వుతూ చెప్పారు. తప్పు పట్టలేను. సముద్రమూ చెరువులా ఉంది, బల్లగుడ్డ తడిపే అవసరమే రాలేదు. కాబట్టి ఓడ భోజనశాలలన్నీ ఇలాగే ఉంటాయని నేను చెప్పలేను. స్థిరమైన బల్ల ఉండాలి, ఆ బల్లకు అలాంటి మనిషి దొరకాలి. మొదటిది అడిగి తెలుసుకోవచ్చు, రెండోది మన అదృష్టం.

మాకు ఇది గిట్టుబాటు అయిందంటే విశాఖలో ఉండటం వల్ల, ఇంట్లో పెద్దావిడ ఉండటం వల్ల. 2023 సెప్టెంబరులో రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమయ్యాక ఎక్కడం, దిగడం సులువే కానీ, ఇక్కడి నుంచి ఓడలు ఏడాది పొడవునా ఉండవు. హైదరాబాద్ నుంచి రైలు చార్జీలు, హోటలు ఖర్చు కలుపుకుని వచ్చేవాళ్లకు నా లెక్క వర్తించదు. చిన్నపిల్లలు గంటన్నర బల్ల దగ్గర కుదురుగా కూర్చోరు, వాళ్లతో వెళ్లేవాళ్లకు బఫేయే సుఖం. బస్సు ఎక్కితేనే కడుపు తిప్పేవాళ్లు జూన్, జూలై నెలల్లో అసలు ఎక్కవద్దు.

బుకింగ్ సమయంలో రెండు విషయాలు అడగండి. బల్ల స్థిరంగా ఇస్తారా, మొదటి విడత భోజనం దొరుకుతుందా. రాత్రి భోజనం రెండు విడతలుగా పెడతారు, రెండోది ఆలస్యంగా మొదలవుతుంది, పెద్దవాళ్లకు అది పడదు. ఈ రెండూ కుదిరితే మేము మళ్లీ ఎక్కుతాం. మా వారు మాత్రం పైకే వెళతానంటున్నారు, కింద పానీపూరి పెట్టరట.