ఆరుతడి వరికి రంధ్రాల గొట్టం: కొనాలా, కోసుకోవాలా?

ఆరుతడి అంటే మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, ఆరనిచ్చి మళ్లీ తడి పెట్టడం. ఎప్పుడు పెట్టాలో తెలియడానికి వరి మడిలో పాతి నీటి మట్టం చూసుకునే గొట్టాలు లోపల సెంటీమీటర్ల గీతలతో రెడీమేడ్‌గా వస్తున్నాయి. పీవీసీ పైపు ముక్క కోసి రంధ్రాలు పెట్టుకున్నా పని అదే. గీతలు ముచ్చటగా ఉంటాయి, అంతే. స్కేలు దింపి చూసుకోవడం ఎంతసేపు? అందుకే నా ఓటు కోసుకున్న ముక్కకే.

అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ సూచించిన కొలత 30 సెం.మీ. పొడవు, 10–15 సెం.మీ. వ్యాసం. కింది 20 సెం.మీ.కి చుట్టూ 2 సెం.మీ. ఎడంగా అర సెంటీమీటరు రంధ్రాలు పెట్టాలి. ఆ భాగం నేలలోకి పోవాలి, మిగతా 10 పైన ఉండాలి. ఇంతకంటే సన్న గొట్టం కొనొద్దు. లోపలి మట్టి తీయడానికి చెయ్యి దూరదు.

గొట్టం మోసం చేసేది ఆ మట్టి దగ్గరే. పాతిన వెంటనే అడుగు కనిపించేదాకా తీసెయ్యాలి. తర్వాత మడిలో నీరు పెట్టి చూడండి: లోపలా బయటా మట్టం ఒకటే ఉండాలి. కొన్ని గంటలైనా తేడా పోలేదంటే మట్టి బిగిసి రంధ్రాలు మూసుకున్నట్టే, పీకి మళ్లీ పాతాలి. మెరకలో, గుంటలో పాతితే మడి మొత్తం లెక్క తప్పుతుంది. గొట్టం మరీ లోతుకు దిగి, దమ్ము (నీళ్లలో దున్నిన బురద) కింద ఉండే గట్టి పొరకు చిల్లి పడితే నీరు అటే ఇంకిపోతుంది.

నాటిన 1–2 వారాలకు ఆరుతడి మొదలుపెట్టవచ్చు; కలుపు ఎక్కువుంటే 2–3 వారాలు నీరు నిలిపాకే. మట్టం నేలకు 15 సెం.మీ. కిందికి దిగినప్పుడు, మడిలో 5 సెం.మీ. నిలిచేలా నీరు పెట్టాలి. ఈ మధ్య వ్యవధి నేలనూ ఎండనూ బట్టి ఒక రోజు కావచ్చు, పది రోజులు దాటవచ్చు. వారానికో తడి అన్న లెక్క అందుకే కుదరదు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం గొట్టాన్ని మర్చిపోయి 5 సెం.మీ. నిలపాలి, లేదంటే తాలు పెరుగుతుంది. యూరియా ఆరిన నేలమీద చల్లి వెంటనే నీరు పెట్టాలి.

ఐదుకు నాలుగు మార్కులు. ఒకటి ఎందుకు తగ్గిందంటే, గొట్టం మట్టం చెబుతుందే గానీ నీరు తెచ్చిపెట్టదు. వంతు నీళ్లమీద ఆధారపడ్డ మడిలో 15 దాకా ఆగితే తర్వాతి వంతు వచ్చేలోపు పైరు ఎండుతుంది, ముందే పెట్టుకోవాలి. నల్లరేగడి బీటలు వారేదాకా ఆరనిస్తే, పెట్టిన నీరు ఆ బీటల్లోకే దిగిపోతుంది. మురుగు పోని పల్లపు మడిలో మట్టం 15కి ఎప్పుడూ దిగకపోవచ్చు. అక్కడ కావలసింది మురుగు కాలువ.