బ్రాడీపేటలో సీ లాంగ్వేజ్ ట్యూషన్‌కి డబ్బులు కట్టబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

బీటెక్ ఫస్టియర్‌లో చేరినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు దయచేసి చదవండి. ఇప్పుడే అక్కణ్ణుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. సెంటర్ పేరు రాయను. గుంటూరులో ట్యూషన్ల కోసం తిరిగినవాళ్లకి ఇలాంటివి ఎలా ఉంటాయో తెలుసు.

జేఎన్‌టీయూ కాకినాడ 2023 సిలబస్‌ (ఆర్23)లో 'ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్' సివిల్‌ వాళ్లకైనా మెకానికల్‌ వాళ్లకైనా తప్పదు. ఎక్స్‌టర్నల్‌కే 70 మార్కులు. ఇంటర్ దాకా కోడ్ ముఖం చూడలేదు కాబట్టి చేరాను. మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసే మా నాన్న 6,500 ఒకేసారి కట్టారు. ఒక్కొక్కరికి ఒక సిస్టమ్, రోజూ ల్యాబ్ అన్నారు. తీరా చూస్తే బ్యాచ్ మొత్తానికి నాలుగు సిస్టమ్‌లు, అన్నిట్లోనూ టర్బో సీ అనే పాతకాలపు సాఫ్ట్‌వేర్ నీలం స్క్రీనే. సార్ డిక్టేషన్ చెప్తారు, మేం నోట్సులో రాసుకుంటాం. అదే క్లాసు.

ఒకరోజు ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నీ గుణించడం) ప్రోగ్రామ్ టైప్ చేశాను. 5 ఇస్తే 120 వచ్చింది. 7 ఇస్తే 5040, అదీ కరెక్టే. 8 ఇస్తే -25216. గుణకారాలే కదా, మైనస్ ఎలా వస్తుందని అడిగాను. సార్ స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు. "పరీక్షలో 5 వేసి 120 రాయి, చాలు" అన్నారు. అర్థం కావట్లేదు సార్ అన్నాను. అంతే, క్లాసంతా వినేలా "ఏమ్మా, తెలుగు మీడియమా? నీలాంటివాళ్లు బట్టీ పడితే గట్టెక్కుతారు, ప్రశ్నలెందుకు" అన్నారు. వెనక బెంచీల్లో నవ్వులు. డబ్బు తీసుకున్నదే నా ప్రశ్నకి జవాబు చెప్పడానికి కదండీ!

తర్వాత కాలేజీ ల్యాబ్‌లో మేడం రెండు ముక్కల్లో చెప్పారు. టర్బో సీలో ఇంట్‌కి, అంటే పూర్ణ సంఖ్య దాచే చోటుకి, రెండు బైట్లే. అందులో పట్టేవి మొత్తం 65,536 సంఖ్యలే, 32,767 దాటితే మైనస్ వైపుకి తిరిగిపోతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40,320. అందులోంచి 65,536 తీసేస్తే సరిగ్గా -25,216. మాకు కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది లైనక్స్, అందులో సీ ప్రోగ్రామ్‌లకి జీసీసీ. ట్యూషన్ నోట్సులోది ఏ ప్రోగ్రామ్ కొట్టినా మొదటి లైన్లలోనే ఎర్రర్, ఎందుకంటే టర్బో సీతో వచ్చే 'కోనియో.హెచ్' ఫైలు అక్కడ ఉండనే ఉండదు. అది సీ స్టాండర్డ్‌లో లేనే లేదట. అంటే బట్టీ పట్టినదీ పనికిరాలేదు.

ఇవాళ నాన్నతో వెళ్లి మిగతా రోజుల ఫీజు వెనక్కి ఇవ్వమని అడిగాం. రసీదు కింద చిన్నక్షరాలు చూపించారు. నాన్నని కూర్చోమని కూడా అనలేదు.

కట్టేముందు డెమో క్లాసులో మీ చేత్తో మీరే 8 ఫ్యాక్టోరియల్ వేసి చూడండి. మైనస్ వస్తే ఎందుకొచ్చిందో అడగండి. చెప్పలేకపోతే బయటికి వచ్చేయండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ అనుపమ్ బసు గారి సీ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష కావాలంటేనే ఫీజు. ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు రసీదు, పాంప్లెట్, యూపీఐ స్క్రీన్‌షాట్ దాచిపెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. నేను రేపు పొద్దున్నే చేస్తున్నాను. అదే బ్యాచ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.