బత్తాయి తోటలో చిన్న ట్రాక్టర్: ఐపీటీఓ లివర్‌కు పూర్తి మార్కులు, రోటవేటర్‌కు కోత

28 హార్స్‌పవర్ తరగతి ట్రాక్టర్ల ఇంజిన్ గురించీ, డీజిల్ ఖర్చు గురించీ, ఫోర్ వీల్ డ్రైవ్ గురించీ షోరూంలో ఇచ్చే కాగితాల్లోనే కావలసినంత ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నల్లగొండ జిల్లా ఎర్ర చెల్క నేలలో, 20 అడుగుల ఎడంతో నాటిన సాత్‌గుడి బత్తాయి తోటలో కొన్నేళ్లుగా ఈ తరగతి బండి ఒకటి వాడుతున్నాను. నాకు చెప్పాలనిపించేది అందులో ఒక్క దాని గురించే. అది సీటు పక్కన ఉండే చిన్న పసుపు పిడి లివర్, అంటే ఐపీటీఓ (ఇండిపెండెంట్ పీటీఓ) లివర్.

మామూలు సింగిల్ క్లచ్ ట్రాక్టర్‌లో క్లచ్ తొక్కితే చక్రాలతోపాటు వెనుక పీటీఓ, అంటే ఇంజిన్ శక్తితో తిరుగుతూ వెనుక తగిలించిన పనిముట్టును నడిపే షాఫ్ట్, కూడా ఆగిపోతుంది. డబుల్ క్లచ్ ఉంటే సగం తొక్కినప్పుడు బండి మాత్రమే ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. ఐపీటీఓలో ఈ సగం, పూర్తి అనే లెక్కే లేదు. పీటీఓకు విడిగా, నూనెలో మునిగి పనిచేసే క్లచ్ ఒకటి ఉంటుంది. దాన్ని చేతి లివర్‌తో వేస్తాం, చేతి లివర్‌తోనే తీస్తాం. బండి కదులుతున్నా, నిలబడినా, గేరు మారుతున్నా పీటీఓ తన వేగంతో తాను తిరుగుతూనే ఉంటుంది. "తోట పనికి సింగిల్ క్లచ్ చాలు సార్, ఆ తేడా డబ్బు రోటవేటర్‌కు (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) పనికొస్తుంది" అని షోరూంలో గట్టిగానే చెప్పారు. నేను లివర్ ఉన్న మోడలే కావాలన్నాను. కారణం మందు పిచికారీ.

కాయ తొక్కను పాడుచేసే మంగు నల్లి అనే సూక్ష్మ పురుగు ఎంత నష్టం చేస్తుందో బత్తాయి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. తొక్క మీద గోధుమ రంగు మచ్చ పరుచుకుంటే, లోపల రసం ఎంత బాగున్నా వ్యాపారి ధర తెగ్గోస్తాడు. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టాలన్నది అందరికీ తెలిసిందే. ఆ మందును ఆకుల గుబురు దాటించి కాయ వెనుక వైపుకు చేర్చడమే కష్టం. అద్దె ట్రాక్టర్‌కు బ్లోయర్ (పంకా గాలితో మందును చిమ్మే యంత్రం) తగిలించి కొట్టించిన రోజుల్లో, చెట్టు దగ్గర డ్రైవర్ క్లచ్ తొక్కగానే పంకా వేగం పడిపోయి, పొగమంచులా లోపలికి దూరవలసిన తుంపర బయటి ఆకుల మీదే చుక్కలుగా కారిపోయేది. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితే పీటీఓ మళ్లీ తిరుగుతుంది, నిజమే. కానీ చెట్టు చెట్టుకూ అలా చేసే ఓపిక అద్దె డ్రైవర్‌కు ఉండదు, ఉండాలని మనం ఆశించనూ కూడదు. ఇప్పుడు బండి చెట్టు ముందు ఆగుతుంది, పంకా మాత్రం అదే హోరుతో నడుస్తూ ఉంటుంది, కొమ్మలు ఊగి ఆకుల అడుగు తెల్లగా కనిపించేదాకా నిలబడి ముందుకు కదులుతాం. మొదటిసారి అలా కొట్టి దిగాక గుబురు లోపలికి చేయి పెట్టి చూస్తే, కాండం వైపున్న కాయలు కూడా తడిసి ఉన్నాయి. నాకు ఆ ఒక్క తడితోనే లివర్ డబ్బు గిట్టుబాటైంది.

బ్లోయర్ ఎంచుకునేటప్పుడు, ట్రాక్టర్ వెనుక పనిముట్టును ఎత్తి పట్టే లిఫ్టు లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. నాకు మొదట 600 లీటర్ల ట్యాంకు చూపించారు. నీరే 600 కిలోలు. ట్యాంకు, పంపు, పంకా బరువు దానికి అదనం. లిఫ్టు సామర్థ్యం 750 కిలోలని కాగితంలో ఉన్నా అది పనిముట్టును తగిలించే కింది లింకుల (వెనుక చేతుల) కొసల దగ్గరి లెక్క, బరువు అక్కడి నుంచి వెనక్కి జరిగే కొద్దీ ఆ అంకె తగ్గిపోతుంది. 400 లీటర్లదే తీసుకున్నాను. దానితో కూడా గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ సరిగా తిరిగేది కాదు. ముందు భాగానికి ఇనుప వెయిట్లు తగిలించాకే కుదుటపడింది.

ఇక రోటవేటర్ సంగతి. తొలకరి గడ్డి చంపడానికి 4 అడుగుల రోటవేటర్‌తో సాళ్ల మధ్య దున్నుతున్నాం. డ్రిప్ లాటరల్స్‌ను (చెట్లకు నీరందించే సన్నని పైపులను) ముందురోజే మొదళ్ల వైపు లాగి ఉంచాం గానీ, ఒక సాలులో గరిక కింద కప్పుకుపోయిన 16 ఎం.ఎం. లాటరల్ కొస బ్లేడ్లకు చిక్కింది. ఆ రోజు బండి మీద ఉన్నాయన ఊళ్లో పెద్ద ట్రాక్టర్లు తోలి చేయి తిరిగినవాడు. చప్పుడు మారగానే ఆయన కాలు దానంతటదే క్లచ్ మీదికి పోయింది. ఆయన తోలిన బండ్లలో ఆ తొక్కుడుతో వెనుక ఉన్నదంతా ఆగిపోయేది. ఇక్కడ బండి ఆగింది, రోటవేటర్ ఆగలేదు. ఆయన వెనక్కి తిరిగి చూసి, సంగతి అర్థమై, లివర్ కోసం చేయి చాచేలోగా అది నిలబడిన చోటే తిరుగుతూ లాటరల్‌ను చుట్టుకుంటూ పోయింది; అవతలి మూడు నాలుగు చెట్ల పాదుల్లోంచి పైపు డ్రిప్పర్లతో సహా మట్టిని చీల్చుకుని లేచి వచ్చింది.

ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, కొడవలితో కోయడం మొదలుపెట్టాం. బయటి చుట్లు సులువుగానే వచ్చాయి. లోపలి చుట్లు మాత్రం రాపిడికి వేడెక్కి, ఒకదానికొకటి అతుక్కుని, రోటర్ కొసన నల్లటి తొడుగులా బిగుసుకున్నాయి. వాటిని హ్యాక్సా బ్లేడుతో గీరి తీయవలసి వచ్చింది. సాయంత్రానికి రోటవేటర్ మళ్లీ మామూలుగానే తిరిగింది, సమస్య తీరిందనే అందరం అనుకున్నాం. అయితే దారమంత ప్లాస్టిక్ పోగు ఒకటి బేరింగ్ పక్క సందులో మిగిలిపోయి, ఆయిల్ సీల్ అంచును కొద్దికొద్దిగా కోస్తూ వచ్చింది. కొన్నాళ్లకు పక్క కేసు కింద దుమ్ము ముద్దగా అంటుకుని కనిపించింది. వేలితో రాసి చూస్తే నూనె. మెకానిక్ విప్పి, వేడికి నీలం తిరిగిన బేరింగ్‌ను నా చేతిలో పెట్టాడు. రోటవేటర్ వేరే తయారీదారుది కాబట్టి ట్రాక్టర్ వారంటీ కిందికి రాదని షోరూంవారు చెప్పారు. కొనేటప్పుడు మాత్రం రెండూ ఒకే ప్యాకేజీగా, ఒకే బిల్లులా మాట్లాడిన సంగతి వారికి గుర్తు చేశాను, ఫలితం లేదు. సీల్, బేరింగ్ తెప్పించి బిగించేసరికి వానలు పడి గడ్డి మోకాలెత్తుకు పెరిగింది.

కాబట్టి లివర్ గురించి పైన రాసిన మెప్పుకు ఒక షరతు చేర్చాలి. దాని మేలు ఏదో, దాని ప్రమాదం కూడా అదే: కాలు ఎంత తొక్కినా వెనుక పని ఆగదు. ఇప్పుడు మా బండి ఎవరెక్కినా, పొలంలోకి దిగే ముందు ఖాళీ నేల మీద లివర్ తీయడం, వేయడం చేయిస్తున్నాను. పీటీఓ తిరుగుతుండగా బండి హాయిగా నిలబడి ఉంటుంది కాబట్టి, అలాగే వదిలి కిందికి దిగాలనే బుద్ధి కూడా పుడుతుంది. మెడలో కండువా ఉన్నవాళ్లు షాఫ్ట్ దగ్గరికి పోకుండా చూడాలి, షాఫ్ట్ మీది ప్లాస్టిక్ కవర్‌ను అడ్డంగా ఉందని తీసి పారేయకూడదు.

అసలు బత్తాయికి రోటవేటర్ ఎంతవరకు అవసరం అన్న ప్రశ్న నాకు ఆ మరమ్మతు రోజుల్లోనే బలపడింది. ఈ చెట్టు పీచు వేర్లు ఎక్కువగా నేల పై పొరల్లోనే ఉంటాయి, లోతుగా దున్ని వాటిని కోస్తే వేరుకుళ్లుకు దారి ఇచ్చినట్టే. అందుకే ఇప్పుడు రోటవేటర్ లోతును అదుపు చేసే పక్క స్కిడ్లను బాగా కిందికి దించి, మట్టి పైపైన కదిలేంత లోతులోనే, అదీ అరుదుగా తోలుతున్నాం. మిగతా ఏడాదంతా తర్వాత కొన్న స్లాషర్‌తోనే (అడ్డంగా తిరిగే బరువైన బ్లేడుతో గడ్డి నరికే పనిముట్టు) గడ్డి కోసి అక్కడే మల్చిగా వదిలేస్తున్నాం. స్లాషర్‌కు ఐపీటీఓ మరీ బాగా కలిసొచ్చింది. సింగిల్ క్లచ్ బండికి స్లాషర్ తగిలిస్తే, క్లచ్ తొక్కినా ఆ బరువైన బ్లేడు ఊపు గేర్‌బాక్సు గుండా చక్రాలకు చేరి బండిని ముందుకు నెడుతుంది. గట్టు కొసన అది గుండె ఝల్లుమనే అనుభవం. అలాంటి బండి ఉన్నవారు షాఫ్ట్‌కు ఓవర్ రన్ కప్లింగ్ (బ్లేడు ఊపు బండికి చేరకుండా ఆపే జోడింపు) వేయించుకోవాలి. మా బండికి ఆ అవసరం రాలేదు.

మిగిలిన ఆప్షన్లలో కిందికి తిప్పిన సైలెన్సర్, బండి బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే, వెనక్కి మడిచే రక్షణ కమ్మీ తోటకు తప్పనిసరి అంటాను. పైకి నిలబడిన సైలెన్సర్ కొమ్మలకు తగిలి ఆకులు మాడుస్తుంది. అటాచ్‌మెంట్ కొనే ముందు దాన్ని ట్రాక్టర్ లింకులకు తగిలించే హిచ్ పిన్నుల మధ్య దూరం కొలిచి చూసుకోండి. చిన్న బండ్లలో కొన్నిటికి లింకులు ఇరుకుగా ఉంటాయి, పక్కింటివారి గొర్రు అందుకే మాకు తగలలేదు.

నాది పిచికారీ ఎక్కువగా ఉండే పండ్ల తోట, బండి ఎక్కేది సాధారణంగా నేనో, నేను నేర్పిన ఒకరో. ఆ పరిస్థితిలో అదే మోడల్ మళ్లీ తీసుకుంటాను, ప్యాకేజీలో రోటవేటర్ బదులు స్లాషర్ ఇమ్మని పేచీ పెడతాను. పత్తి, మిరప చేలల్లో అద్దెకు తిప్పాలనుకునేవారికి, ట్రాలీ తోలకమే ముఖ్యమైనవారికి ఐపీటీఓ మీద పెట్టే డబ్బు తిరిగి వస్తుందని నేను చెప్పలేను. రోజుకొక డ్రైవర్ మారే చోటయితే ముందు డబుల్ క్లచ్ బండిని ఒకసారి తోలి చూడమంటాను. వెనుక రోటవేటర్ దేన్ని పట్టుకున్నా, కాలు పూర్తిగా తొక్కితే అది ఆగుతుంది.