అణు నమూనాల పెట్టె: మూడు సెమిస్టర్లు వాడాక

కర్బన రసాయన శాస్త్రంలో అణువులను బోర్డు మీద ఎంత శ్రద్ధగా గీసినా అవి చదునుగానే కనిపిస్తాయి కనుక, రంగు గోళాలు, ప్లాస్టిక్ పుల్లలు ఉన్న ఈ పెట్టెను నలుగురు విద్యార్థులకు ఒకటి చొప్పున తెప్పించి మూడు సెమిస్టర్లుగా వాడుతున్నాను. 1865లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులతో చూపిన నమూనాలు కూడా చదునైనవే. కార్బన్ బంధాలు చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని 1874లో ప్రతిపాదించిన వాంట్ హాఫ్ అట్టతో నమూనాలు చేసి తోటి శాస్త్రవేత్తలకు పంపాడు. ఈ పెట్టెలో కార్బన్‌ను సూచించే నల్ల గోళానికి 109.5 డిగ్రీల కోణంలో ఉన్న నాలుగు రంధ్రాలు ఆ ఊహనే చేతికి అందిస్తాయి.

కైరల్ అణువుల, అంటే తమ అద్దపు ప్రతిబింబంతో సరిపోలని అణువుల పాఠంలో దీని విలువ బాగా తెలుస్తుంది. ఒక కార్బన్‌కు నాలుగు వేర్వేరు రంగుల గోళాలు తగిలించి, దాని ప్రతిబింబాన్ని కూడా కట్టి, రెండింటినీ ఒకదానితో ఒకటి సరిపెట్టమంటాను. ఎటు తిప్పినా రెండు రంగులు కలిసినప్పుడు మిగిలిన రెండూ తారుమారవుతాయి. నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థులు కూడా ఇక్కడ కాసేపు ఆగిపోతారు, ఆ ఆగడమే నాకు కావలసింది. ఆరు కార్బన్ల వలయమైన సైక్లోహెక్సేన్ కుర్చీ రూపాన్ని మరో కుర్చీలోకి మార్చినప్పుడు, నిలువు బంధాలన్నీ పక్కకు ఒరగడం వేళ్లకే తెలుస్తుంది.

అయితే నమూనాను ఒంటరిగా వదలకూడదు. ఈథేన్‌లో కార్బన్ల మధ్య బంధం ఇందులో ఎలాంటి అడ్డూ లేకుండా తిరుగుతుంది, నిజానికి అక్కడ మోల్‌కు దాదాపు 12 కిలోజౌళ్ల శక్తి అవరోధం ఉంది. కార్బన్-హైడ్రోజన్ బంధం 109 పికోమీటర్లు, కార్బన్-కార్బన్ బంధం 154 పికోమీటర్లు కాగా పుల్లలన్నీ ఒకే పొడవున ఉండటం తయారీదారు సరిదిద్దవలసిన లోపం. అందుకే కట్టిన ప్రతి నమూనానూ ఒక కన్ను మూసి బంధం వెంబడి చూసి న్యూమన్ చిత్రం (ముందు, వెనుక కార్బన్లు ఒకదాని వెనుక ఒకటిగా కనిపించే చిత్రం) గీయిస్తాను, ఆ తరువాతే బంధం తిరిగేకొద్దీ శక్తి ఎలా మారుతుందో చూపే రేఖాచిత్రాన్ని పక్కన ఉంచుతాను.

వాడేకొద్దీ నల్ల గోళాల రంధ్రాలు వదులై పుల్లలు జారుతున్నాయి, కాబట్టి కొనేవారు అదనపు కార్బన్ గోళాలు విడిగా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.