టర్బోనా, గేర్లా? పాత ఎం1008 ట్రక్కుకు ఏది మేలు

1980ల నాటి ఈ అమెరికా సైనిక ట్రక్కులో 6.2 లీటర్ల డీజిల్ వీ8 ఇంజిన్ ఉంటుంది, టర్బో (ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) ఉండదు. ఎత్తు ఎక్కాలంటే నీరసం, హైవే మీద రొద. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

టర్బో: బరువు లాగేటప్పుడు, గాలి పలచగా ఉండే కొండల్లో ఊపిరి పోస్తుంది. ఎగ్జాస్ట్, ఆయిల్ లైన్లు మార్చాలి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) ఇప్పటికే 21:1 పైన. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచితే హెడ్ గ్యాస్కెట్‌తో (ఇంజిన్ బ్లాక్‌కీ, పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) టెన్షనే. ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు లేకుండా బిగించడం పిచ్చిపని.

యాక్సిల్ (చక్రాల ఇరుసు) గేర్లు: ఉన్నది 4.56 నిష్పత్తి, అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే డ్రైవ్ షాఫ్ట్ 4.56 సార్లు తిరగాలి. పైగా ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ వేగం తగ్గించే పై గేరు) లేదు. గంటకు 90 కిలోమీటర్లకే సుమారు 2,700 ఆర్‌పీఎం! నిష్పత్తి తగ్గిస్తే రొద తగ్గుతుంది, లాగే బలమూ తగ్గుతుంది. ముందూ వెనకా రెండూ మార్చాలి. ఇంజిన్ జోలికి మాత్రం పోనక్కర్లేదు.

ట్రెయిలర్, కొండదారులు ఉంటే టర్బో. ఖాళీగా హైవే మీద తిరిగేవాళ్లకు గేర్లే.