కింది దవడ పన్ను పోయింది: బ్రిడ్జా, ఇంప్లాంటా?

ఆరేళ్లకు వచ్చే కింది దవడ పన్నే చాలామందికి ముందుగా పుచ్చిపోతుంది. దాన్ని తీసేశాక ఆ చోట ఏం పెట్టించాలో ఖాళీని ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు. పక్క పళ్లు, చిగుళ్లు, షుగరు, రోజూ వేసుకునే మందులు అన్నీ లెక్కలోకి రావాలి.

ముందు పక్క పళ్ల సంగతి. బ్రిడ్జ్ అంటే అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను అరగదీసి, మూడు క్యాపులను ఒకే ముక్కగా అతికించడం. నమిలే వైపే ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. పోతుంది. ఆ రెండూ చెక్కుచెదరని పళ్లయితే అంత అరగదీయడం అన్యాయం, ఇంప్లాంటే (దవడ ఎముకలో స్క్రూ బిగించి, దాని మీద పన్ను పెట్టడం) మేలు. రెండింటికీ ఇప్పటికే రూట్ కెనాల్ అయి క్యాపులు ఎలాగూ అవసరమైతే మాత్రం బ్రిడ్జ్ వైపే మొగ్గాలి.

బ్రిడ్జ్‌తో చిక్కు ఇది: ఒక వైపు సిమెంటు కరిగిపోయినా రెండో వైపు పట్టి ఉంచుతుంది కాబట్టి కదలిక తెలియదు, లోపల పన్ను పుచ్చిపోతూ ఉంటుంది. వేలితో నొక్కితే క్యాపు అంచున ఉమ్మి బుడగలు వస్తే అనుమానించాలి.

ఇంప్లాంట్‌కు ఎముక కావాలి. కింది దవడలో నరం ఉంది. స్క్రూ కొనకీ దానికీ మధ్య కనీసం 2 మి.మీ. వదలాలి. అందుకే సీబీసీటీ స్కాన్ (దవడను అన్ని వైపుల నుంచీ త్రీడీలో చూపే ఎక్స్‌రే) తీయించకుండా ఒప్పుకోవద్దు. స్క్రూను ఎముక పట్టుకోవడానికి సుమారు మూడు నెలలు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 7 శాతం దగ్గరుంటే ఇబ్బంది ఉండదు. 8 దాటితే దిగేదాకా ఆగడం మంచిది. ఎముకకు పాకిన క్యాన్సర్‌కు జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించుకుంటున్నవారికి ఇంప్లాంట్ వద్దు, డ్రిల్ తగిలిన ఎముక మానక చచ్చిపోవచ్చు. గుట్కా అలవాటున్నవారు నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయో లేదో చూసుకోవాలి. పట్టకపోతే డ్రిల్ లోపలికి పోదు. అంతకన్నా ముఖ్యం, అలా నోరు బిగుసుకోవడం క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు లక్షణం కావచ్చు. ముందు దాని సంగతి చూడాలి.

చిగుళ్ల కొలత రెండింటికీ తప్పనిసరి. ప్రోబ్ (పన్నుకీ చిగురుకీ మధ్య లోతు కొలిచే సన్నని పుల్ల) 3 మి.మీ. దాకా దిగితే సరే. 5 దిగి రక్తం కారితే ముందు లోతుగా క్లీనింగ్ చేసి, రెండు నెలలకు మళ్లీ కొలవాలి. ఈ మెట్టు ఎగరగొడితే అవే సూక్ష్మక్రిములు ఇంప్లాంట్ చుట్టూ చేరతాయి, నొప్పి లేకుండానే ఎముకను తినేస్తాయి.

షుగర్ దిగేలోగా తీసి పెట్టుకునే పన్ను చాలు. చవక, అరగదీత ఉండదు. ఏదీ పెట్టించకుండా ఏళ్లు గడిపితే వెనక పన్ను ముందుకు వాలుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది; అప్పుడు బ్రిడ్జ్, ఇంప్లాంట్ రెండూ కష్టమే.

డాక్టరు దగ్గరికి మూడు నెలల్లోపు చేయించిన షుగర్ రిపోర్టు, వాడే మాత్రల స్ట్రిప్పులు తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, గుండె డాక్టరును అడిగే నిర్ణయించాలి.