సుందరబన్ ప్రయాణం: పులి కనిపించకపోయినా చూడాల్సినవి

పులిని చూడాలన్న ఒక్క కోరికతో సుందరబన్‌కి వెళ్తే డబ్బు దండగ. 2022 గణన ప్రకారం పశ్చిమ బెంగాల్ వైపు మడ అడవిలో ఉన్నవి సుమారు వంద పులులు. పసుపు పచ్చగా ఎండిన హెతల్ ఈత మట్టల్లో చారలు కలిసిపోతాయి. లాంచి మీంచి చాలామందికి కనిపించేది బురదలో పంజాల జాడే. మన కోరంగి మడ అడవి చూసినవాళ్లకి ఉప్పుటేర్లూ, నేలలోంచి పొడుచుకొచ్చే ఊపిరివేళ్లూ కొత్త కావు. అయితే ఇక్కడ వాచ్‌టవర్ల దగ్గర తప్ప అడవి ఒడ్డున కాలు పెట్టనివ్వరు. పెట్టకూడదు కూడా.

హైదరాబాద్, విశాఖ రైళ్లు హౌరా వైపు దింపుతాయి. సుందరబన్ దారిలోని క్యానింగ్‌కి వెళ్లే లోకల్ రైలు మాత్రం కలకత్తాలోని మరో స్టేషన్ సియాల్దాలో ఎక్కాలి, గంటంబావు పడుతుంది. పనికోసం పల్లెల వాళ్లు తెల్లారకముందే నగరానికి వస్తారు కాబట్టి పొద్దున పూట అటు వెళ్లే బండిలో ఊపిరి ఆడుతుంది. సాయంత్రం ఎక్కితే నలిగిపోతారు. క్యానింగ్ నుంచి, లాంచి ఎక్కే గోద్‌ఖాలి రేవుకి ఆటోలు ఉన్నాయి. కారులో అయితే కలకత్తా నుంచి నేరుగా మూడు, మూడున్నర గంటలు. వృద్ధులు ఉంటే కారే మేలు.

లాంచి మాట్లాడుకునేటప్పుడు ముందు అడగాల్సింది బాడుగ కాదు, ఆటుపోట్ల వేళలు. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున వేళ జరుగుతూ పోతుంది. నీళ్లు తీస్తున్నప్పుడు బురద గట్లు బయటపడతాయి. మొసళ్లు, జింకలు, ఉడుములు కనిపించేది అప్పుడే. సన్నటి పాయల్లోకి లాంచి వెళ్లాలంటే పోటు ఉండాలి, లేకపోతే అడుగు తగిలి అక్కడే నిలిచిపోతుంది. పూర్తి ఆటులో రేవు మెట్లు పాచిపట్టి జారతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఆ వేళ దించొద్దు.

అడవిలోకి అనుమతి పత్రాలు సజ్నేఖాలి అటవీశాఖ కేంద్రంలో ఇస్తారు. గుర్తింపు కార్డులు అసలువే తీసుకెళ్లాలి, అటవీశాఖ గైడు తప్పనిసరి. సజ్నేఖాలి వాచ్‌టవర్ దగ్గర జనం గోల ఎక్కువ. సుధన్యఖాలిలో మంచినీటి చెరువు టవర్‌కి ఎదురుగానే ఉంటుంది, జంతువులు దాహానికి అక్కడికి వస్తాయి. మాటలు మాని అరగంట కూర్చోగలిగితే దానికే నా ఓటు. దోబాంకిలో వలలు కట్టిన ఎత్తైన వంతెన మీద నడవొచ్చు, పిల్లలకి అది బాగా నచ్చుతుంది.

లాంచిలో పడుకోవడం ఫొటోల్లో బాగుంటుంది. శీతాకాలపు మంచు, డీజిల్ వాసన, అందరికీ ఒక్కటే మరుగుదొడ్డి అంటే పిల్లలతో కష్టం. పాఖిరాలయ్, దయాపూర్ ఊళ్లలో బస నయం. గది ఎంచుకునేటప్పుడు రాత్రంతా కరెంటు ఉంటుందా, దోమతెర ఇస్తారా అని అడగండి. చీకటి పడ్డాక కరకట్ట మీద ఒంటరిగా తిరగొద్దు. అడవి అంచున నైలాన్ వలలు కట్టినా పులి ఏరు ఈది వస్తుంది.

ఈ ఊళ్లలో బస చేయమనడానికి అసలు కారణం వేరే ఉంది, మీ డబ్బు పులి వాతపడ్డవాళ్ల ఇళ్లకి చేరాలని. పీతలకీ తేనెకీ అడవిలోకి వెళ్లిన మగవాడు పులి నోట పడి తిరిగి రాకపోతే ఇక్కడ ఇల్లు రెండుగా చీలిపోతుంది. మొగుణ్ణి మింగిందని అత్తింటివాళ్లు కోడల్ని గెంటేసిన ఇళ్లున్నాయి. అనుమతి లేకుండా వెళ్లి చనిపోతే పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరగాలి. వెనకనుంచి దూకే పులిని మోసగించడానికి తల వెనక మనిషి ముఖం ముసుగు కట్టుకునే పద్ధతి 1980లలో వచ్చింది, కొన్నాళ్లే పనిచేసింది. అడవిలోకి వెళ్లే ముందు హిందువులూ ముస్లింలూ ఇద్దరూ అడవి తల్లి బోన్‌బీబీకే మొక్కుతారు.

‘పులి వితంతువుల ఊరు చూపిస్తాం’ అనే ప్యాకేజీలు ఒప్పుకోవద్దు. ఏడుపు ఫొటోలకి డబ్బిచ్చే బేరం అది. ఆ డబ్బుతో వాళ్ల చేతి వంట తినండి, తేనె కొనండి. ఏప్రిల్‌లో మొదట వచ్చే, ఖల్సీ అనే మడ మొక్క పూల తేనె లేత రంగులో, పల్చగా ఉంటుంది. కల్తీ అనుకుని వదిలేయకండి, దానిలో నీటి శాతమే ఎక్కువ. అందుకే సీసాలో నురగ కట్టి మూతని తంతుంది. రైల్లో తెచ్చేటప్పుడు సీసా నిండా పోయించకుండా రెండంగుళాలు ఖాళీ వదిలించి, రోజుకోసారి మూత వదులుచేసి గాలి పోనివ్వండి.